ఏడో మంచం గుర్తు

పోయిన నెల మా అమ్మాయి సుజాత ఒక స్పైరల్ బైండింగ్ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "బాపూ, నువ్వు ఎప్పుడూ చెప్పే ఆ విమానాలోళ్ళ చరిత్ర దొరికింది. నెట్ల ఉంటే జిరాక్స్ షాపుల తీయించిన. ఇగ చదువుకో, మా పానం తియ్యకు" అంది. తొంభై పేజీలకు పైనే ఉంది. ఆ స్క్వాడ్రన్‌లో, అంటే ఆ విమానాల దళంలో, పనిచేసి రిటైరైన ఎవరో పెద్దమనిషి, ఇంచుమించు నా ఈడువాడే అయ్యుంటాడు, ఓపిగ్గా కూర్చుని రాసినట్టున్నాడు. స్క్వాడ్రన్ ఎట్లా పుట్టింది, ఏయే విమానాలు నడిపింది, ఏ సముద్రాల మీద గస్తీ తిరిగింది, చివరికి ఎందుకు మూసేశారు, అన్నీ ఉన్నాయి. ఒక చేత్తో భూతద్దం, ఒక చేత్తో డిక్షనరీ పట్టుకుని పన్నెండు రోజులు చదివాను. చదువుతున్నంతసేపూ నేను వెతికింది ఒక్కటే, నేను వయసులో పనిచేసిన మా దీవి. అరవై రెండో పేజీలో దొరికింది. నాలుగే నాలుగు వరుసలు. అవి చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మా ఇంట్లో ఈ కథ అందరికీ తెలుసు. "మల్లయ్య మామ గుర్తుల కథ" అంటారు. పెళ్ళిలోనో పేరంటంలోనో పదిమంది కూడినప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, నేను చెబుతాను. నవ్వించే చోట నవ్వించి, అయ్యో అనిపించే చోట అయ్యో అనిపించి ముగించడం బాగా అలవాటైపోయింది. యాభై ఏళ్ళుగా అదే కథ, అదే వరస. ఇప్పుడు కాగితం మీద పెడదామని కూర్చుంటే మాత్రం ఏది ముందు, ఏది వెనక, ఎవరిది ఎంత తప్పు, అంతా కలగాపులగం అయిపోతున్నది. తోచినట్టు రాసుకుంటూ పోతాను, తర్వాత చూసుకుందాం.

మసీరా అంటే ఒమాన్ తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న దీవి. డెబ్బైల్లో దాని ఉత్తరపు కొసన ఇంగ్లీషువాళ్ళ విమానాల క్యాంపు ఉండేది. క్యాంపు పక్కన చేపలు పట్టేవాళ్ళ పల్లె. ఇక మిగిలిందంతా రాయి, ఇసుక, గాలి. మా లాండ్రీ క్యాంపు వెనక, వంటశాలకు ఆనుకుని ఉన్న మూడు రేకుల గదులు. ఒకదాంట్లో ఉతుకు, ఒకదాంట్లో ఇస్త్రీ, మూడోది మేముండే రూమ్. మేమంటే నేనూ, మా మల్లయ్య మామా. మామ మా అమ్మకు సొంత అన్న. జగిత్యాల పక్కన మా ఊళ్ళో చాకిరేవు వదిలి బొంబాయి పోయి, అక్కడ ఏజెంటు చేతిలో పడి ఈ దీవిలో తేలాడు. మరుసటేడు నన్నూ పిలిపించుకున్నాడు. నాకు అప్పటికి ఇరవై రెండేళ్ళు. పదో తరగతి పాసయ్యాను. రాజానికి, అంటే నాకు, ఇంగ్లీషు మంచినీళ్ళ ప్రాయమని మా వాడకట్టంతా చెప్పుకునేది. మామకు వేలిముద్ర తప్ప ఏదీ రాదు. "అచ్చరాలు నువ్వు చూస్కో, బట్టలు నేను చూస్కుంట" అని దిగిన రోజే పని పంచేశాడు.

పొద్దున్నే మామ లేవగానే మొదటి పని గంజి. వంటశాలవాళ్ళు వార్చి ఇచ్చిన గంజిని పొయ్యి మీద మళ్ళీ మరిగించి, పలచటి గుడ్డలో వడగట్టేవాడు. ఆ గంజి వాసన, సబ్బు వాసన, కిరోసిన్ స్టవ్ వాసన, పల్లె వైపు నుంచి ఎండబెట్టిన సొరచేప వాసన, నాలుగూ కలిసి మా రూమ్‌లో ఒకటే వాసనగా ఉండేవి. మొదటి వారం నాకు డోకు వచ్చింది, రెండో నెలకల్లా ఆ వాసన లేకపోతే నిద్ర పట్టేది కాదు. ఊరి వాగులోంచి ఏరి తెచ్చుకున్న ఒక నున్నటి రాయి మామ పెట్టెలో ఉండేది. అదే ఆయన మడేలయ్య, మా చాకలోళ్ళ కులదేవుడు. బట్టలు నీళ్ళలో వేసేముందు ఆ రాయి మీద దోసెడు నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకునేవాడు. నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి, కొలిచి పోసేవారు. అయినా ఆ దోసెడు తప్పలేదు. ఆ దీవిలో తమలపాకు ఎక్కడిది? బుగ్గన లవంగం పెట్టుకుని రోజంతా దాన్నే చప్పరించేవాడు. ఉతుకుతూ బట్టలతో మాట్లాడేవాడు. "ఏందే, గింత మాపుకొని వచ్చినవ్, నీ దొరకు సిగ్గులేదా?" అని చొక్కాను మందలిస్తుంటే వంటశాల వాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి నవ్వేవారు.

ఇక గుర్తులు. మామ ఊరి నుంచి సంచెడు నల్లజీడి గింజలు తెచ్చుకున్నాడు. గింజకు సూది గుచ్చి, ఆ నల్లటి రసంతో బట్ట అంచున చుక్కో గీతో పెట్టి, పైన కాస్త సున్నం అద్దితే ఇక బట్ట చిరిగి పేలికలైనా గుర్తు పోదు. మా ఊళ్ళో గుర్తు మనిషికి కాదు, ఇంటికి. పటేలు ఇంటికి రెండు చుక్కలు, కోమటాయన ఇంటికి అడ్డగీత, అట్లా. ఆ ఇంట్లో తాత పోయినా, మనవడు పుట్టినా, కోడలు వచ్చినా గుర్తు గుర్తే. క్యాంపులో ఇళ్ళు లేవు కదా, మామ మంచాలను ఇళ్ళు చేసుకున్నాడు. ప్రతి మంచానికీ ఒక గుర్తు. ఇంగ్లీషువాళ్ళు ఏడాదికి తక్కువ ఉండేవారు కాదు గనక ఇబ్బంది రాలేదు. "పేర్లు రాద్దాం మామా" అని నేను ఒకసారి అంటే, "పేరుదేముందిరా, మనిషితోని పోతది. ఇల్లు ఉంటది" అన్నాడు.

ఆ తర్వాత ఈ పుస్తకంవాళ్ళు వచ్చారు. బూడిదరంగు విమానం, నాలుగు పంకాలు, తోక వెనక ఇంకా పొడుగ్గా ఒక కర్రలాంటిది పొడుచుకొచ్చి ఉండేది. అమెరికా నౌకాదళం వాళ్ళది. పొద్దున లేచి సముద్రం మీదికి పోతే మళ్ళీ సాయంత్రానికే రాక. అంతసేపు ఏం వెతుకుతారంటే ఓడలనీ, నీళ్ళలో మునిగి తిరిగే జలాంతర్గాములనీ వంటశాలలో చెప్పుకునేవారు. వాళ్ళు కూడా మామూలు సిపాయిలే అనుకున్నాం. కానీ రోజులు గడిచే కొద్దీ నాకు ఏదో తేడా కొట్టింది. ఒకడికి బొజ్జ, ఒకడికి బట్టతల, సెల్యూట్ కొట్టేటప్పుడు ఒకడు నవ్వేస్తాడు. వాళ్ళలో ఒక మెకానిక్కు లాండ్రీకి వచ్చి కూర్చునేవాడు. ఇంటి దగ్గర ఏం చేస్తావని అడిగితే బడిపిల్లల బస్సు నడుపుతానన్నాడు. విమానం నడిపే ఆయనకు చెప్పుల దుకాణమట. మరో విడత ఏడో మంచం మీదికి వచ్చిన కళ్ళద్దాల సన్నటి మనిషి వాళ్ళ ఊళ్ళో ఉత్తరాలు పంచుతాడట. మరి ఈ యూనిఫారం ఏమిటయ్యా అంటే, నెలకోసారి శని ఆదివారాలు, ఏడాదికోసారి రెండు వారాలు సైన్యమట. మిగతా రోజులు ఎవరి బతుకు వాళ్ళదట. రిజర్వు అంటే అదేనట. నాకు తలా తోకా అర్థం కాలేదు. రెండు వారాల సైన్యమేమిటి, యుద్ధం వీళ్ళ సెలవుల దాకా ఆగుతుందా?

మామకు మాత్రం ఏ సందేహమూ రాలేదు. "గంతేనారా? మన ఊర్ల భాగోతమోళ్ళు లేరా? పొద్దంతా మగ్గం నేస్తరు, పొద్దుగూకితే రాజు ఏశం కడ్తరు. ఏశం కట్టినంతసేపు రాజే గదా" అన్నాడు. ఆ రాజుల మీద గౌరవం కొద్దీ వాళ్ళు గాలిలోకి వేసుకుపోయే ఆకుపచ్చ సూట్లకు చిక్కటి గంజి పెట్టి పెళపెళలాడేలా ఇస్త్రీ చేశాడు. తీసుకెళ్ళి మంచాల దగ్గర నిలబెడితే సూట్లు తమంతట తామే నిలబడ్డాయి. వాళ్ళు విరగబడి నవ్వారు, సూట్ల పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు. మామ మురిసిపోయాడు. నేను ఈ కథ చెప్పేటప్పుడు మొదటి నవ్వు ఇక్కడే వస్తుంది. పుస్తకంలో ఆ ఫోటో ఉంటుందేమోనని వెతికాను, లేదు.

రెండు వారాలకు ఒక గుంపు పోయేది, ఇంకో గుంపు దిగేది. అదే విమానం, తోక మీద అదే బొమ్మ, భుజం మీద అదే బిళ్ళ, అవే పన్నెండు మంచాలు. మనుషులే వేరు. మామకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. ఏడో మంచం గుర్తు, గీత కింద రెండు చుక్కలు, ఎవడు పడుకున్నా అదే. పాత మనిషి మరిచిపోయిన బనియన్లు కొత్త మనిషికి చేరేవి. కొత్త మనిషి నాది కాదని తల అడ్డంగా ఊపితే మామ గుర్తు చూపించి, "సేమ్ సేమ్, నీదే, తీస్కో" అని బలవంతంగా చేతిలో పెట్టేవాడు. వాళ్ళకూ ఇది వేడుకే అయిపోయింది. ఇక్కడ రెండో నవ్వు వస్తుంది.

పల్లెలో ఖమీస్ అని ఒక మనిషి ఉండేవాడు. నలభై ఏళ్ళుంటాయి. చెక్క పడవ, దానికి చిన్న ఇంజను. క్యాంపు వంటశాలకు చేపలు తెచ్చినప్పుడల్లా మాకూ రెండు పక్కన పెట్టేవాడు. వాళ్ళమ్మను అందరూ ఉమ్ ఖమీస్ అనేవారు, ఖమీస్ తల్లి అని అర్థం. ఆమె చేపలు శుభ్రం చేసి, ఈతాకు చాప ముక్కలో చుట్టి తానే మా గుమ్మంలో పెట్టి వెళ్ళేది. బదులుగా మామ ఆమె కొడుకుల తెల్లటి దిష్‌దాషాలు, అంటే మడమల దాకా వేలాడే ఆ పొడుగు చొక్కాలు, ఉతికి నీలిమందు పెట్టి ఇచ్చేవాడు. ఆ ఇంటికి మామ పెట్టిన గుర్తు ఒక చిన్న చేప. మామకు అరబ్బీ నాలుగు మాటలకు మించి రాదు, ఆమెకు తెలుగు అసలే రాదు. అయినా గుమ్మం దగ్గర పావుగంట మాట్లాడుకునేవారు. నేను పల్లె కొట్టులో కూర్చుని కూర్చుని అరబ్బీ బాగానే పట్టేశాను గనక మధ్యలో మాట అందించేవాణ్ణి. ఖమీస్ తమ్ముడు రషీద్‌ది నా ఈడే. నాకు ఈత నేర్పుతానని ఎన్నిసార్లు లాగినా నేను మోకాళ్ళ లోతు దాటలేదు, వాడు నవ్వి నవ్వి నీళ్ళలో కూలబడేవాడు.

వానగాలులు మొదలయ్యే ముందు పడవలన్నీ ఒడ్డుకు లాగేస్తారు. ఆ ఏడు, అందరూ లాగేశాక కూడా, చివరిసారి పోయి వస్తామని అన్నదమ్ములిద్దరూ వెళ్ళారు. రెండు రోజుల్లో రావాల్సినవాళ్ళు ఐదు రోజులైనా రాలేదు. ఉమ్ ఖమీస్ పొద్దున్నే వచ్చి మా బట్టల దండేల దగ్గర నిలబడేది. అక్కడి నుంచి విమానం లేవడం కనిపిస్తుంది. క్యాంపు ఆఫీసువాళ్ళు గస్తీ విమానం వాళ్ళకు చెప్పారట, దారిలో పడవ కనబడితే చూడమని. ఆమె నన్ను పట్టుకుని, "ఆ విమానంలో నుంచి చిన్న పడవ కూడా కనిపిస్తుందా?" అని అడిగింది. అన్నీ కనిపిస్తాయమ్మా అన్నాను. నాకేం తెలుసు? ఏదో ధైర్యం చెప్పాలి కదా అని అన్నాను.

ఆరో రోజు సాయంత్రం విమానం దిగింది. వాళ్ళ సూట్లు ఎప్పటిలాగే మాకు వచ్చాయి. నానబెట్టే ముందు జేబులన్నీ తిప్పి చూడటం మామ అలవాటు. జేబులో దొరికింది ఏదైనా సరే, అగ్గిపుల్లయినా సరే, మంచానికొక గడి చేసిన బిస్కెట్ల డబ్బాలో వేసి, ఉతికిన బట్టతో పాటు తిరిగి అదే జేబులో పెట్టి ఇస్తాడు. ఆ రోజు ఏడో మంచం మీది ఆ ఉత్తరాలాయన సూట్ జేబులో ఒక కాగితం దొరికింది. చెమటకు మెత్తబడింది. దాని మీద పెన్సిలుతో అంకెలు, కింద చిన్న పడవ బొమ్మ, పడవలో రెండు నిలువుగీతలు. మామ నాకు చూపించాడు. "మామా, ఇది ఆఫీసుల ఇద్దామా?" అన్నాను. "ఎవని జేబుల ఎల్లిందో ఆని చేతులనే పడాలె" అన్నాడు మామ. "మనం చాకలోళ్ళం. ఇంటి గుట్టు మన చేతుల ఉంటది. ఒక్క కాయితం మూడో మనిషికి ఇస్తే రేపు మనల్ని ఎవడు నమ్ముతడు? పొద్దుగాల ఏడో మంచపాయన వస్తడు, ఆయనకే ఇద్దాం." కాగితం డబ్బాలోకి పోయింది.

తెల్లారేసరికి ఏడో మంచపాయన లేడు. వాళ్ళ రెండు వారాలు అయిపోయాయి. ఇంకో రోజుంటారనుకున్నాం, గాలి చూసుకుని తెల్లవారకముందే లేచిపోయారట. బట్టలు మా దండేల మీదే ఉండిపోయాయి. రెండు రోజులు విమానం లేదు. ఉమ్ ఖమీస్ మాత్రం రెండు రోజులూ వచ్చింది, ఖాళీ రన్‌వే వైపు చూసి వెళ్ళింది. మూడో రోజు మధ్యాహ్నం కొత్త గుంపు దిగింది. మామ ఇస్త్రీ చేసిన సూటు తీసుకుపోయి, కాగితం గుండె జేబులో పెట్టి పిన్నీసు గుచ్చి, ఏడో మంచం మీది కొత్త మనిషికి అప్పజెప్పాడు. ఎర్ర గడ్డం, భారీ మనిషి. అప్పటికే లాండ్రీ వేడుక సంగతి విని వచ్చినట్టున్నాడు, "సేమ్ సేమ్" అంటూ నవ్వి, సూటు తీసి మంచం కింద పడేశాడు. మామ తృప్తిగా తిరిగొచ్చాడు. ఇంటి వస్తువు ఇంటికి చేరింది కదా.

మర్నాడు పొద్దున ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. దండెం మీద ఆరేసిన రషీద్ చొక్కా, అంతకుముందు ఎప్పుడో ఉతుకుకు వచ్చింది, దాని అంచు పట్టుకుని చేప గుర్తు మీద వేలితో రాస్తూ నిలబడింది. కాగితం మీది రెండు నిలువుగీతలు నాకు గుర్తొచ్చాయి. ఇస్త్రీపెట్టె అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఎర్రగడ్డపాయన గడ్డం దువ్వుకుంటున్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో, జేబులో కాగితముంది సార్, చూడండి సార్ అన్నాను. వేళాకోళం అనుకుని నవ్వుతూనే మంచం కింద నుంచి సూటు లాగాడు, పిన్నీసు తీశాడు, చదివాడు. నవ్వు పోయింది. ఇది ఎప్పటిదన్నాడు. నాలుగు వేళ్ళు చూపించాను. చెప్పులు కూడా వేసుకోకుండా ఆఫీసు వైపు ఉరికాడు. గంటలో విమానం లేచింది.

ఆ రోజు దొరకలేదు. మరుసటి రోజు దొరికింది. సూర్ రేవు వైపు పోతున్న ఒక సరుకు పడవను విమానమే దారి చూపించి అక్కడికి తీసుకుపోయిందట. ఇంజను చెడిపోయి, నీళ్ళైపోయి, పడవలో ఖమీస్ సోలిపోయి ఉన్నాడు. పక్కన రషీద్ ఉన్నాడు. వాడు ముందురోజు తెల్లవారుజామున పోయాడు. ఖమీస్ తర్వాత చెప్పిన మాట ఇది: చాలా రోజుల ముందు ఒక సాయంత్రం విమానం ఒక్కసారి మా మీదుగా పోయింది, ఇద్దరం లేచి నిలబడ్డాం, చూశారు, ఇక రేపు వస్తారు అనుకున్నాం, ఉన్న నీళ్ళు ఆ సంతోషంలో తాగేశాం.

ఇక్కడ అందరూ అయ్యో అంటారు. ఆ తర్వాత తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు, విమానంలో వైర్‌లెస్ ఉంటుంది కదా, అప్పుడే చెప్పి ఉంటారు కదా అని. ఉంటారనే నేనూ అనుకున్నాను. చెప్పారేమో. ఎవరికి చెప్పారో, ఆ విన్నవాడు ఏం చేశాడో. కిటికీ పక్కన కూర్చునే ఆ ఉత్తరాలాయన ఒక్కడే చూశాడేమో, దిగాక చెబుదామని రాసుకుని అలిసిపోయి మరిచాడేమో. చెప్పే ఉంటే ఎర్రగడ్డపాయన చెప్పుల్లేకుండా ఎందుకు ఉరుకుతాడు? ఇట్లా అటూ ఇటూ తిప్పి తిప్పి యాభై ఏళ్ళు గడిచాయి. చివరికి ఆ పుస్తకంలో దొరుకుతుందనుకున్నాను. అరవై రెండో పేజీలో ఉన్నది ఇది: ఎండ మండిపోయే ఆ దీవిలో కొన్ని వారాలు గస్తీ తిరిగాం, ఒక గుంపు తన చివరి గస్తీలో గాలివాటుకు కొట్టుకుపోతున్న పడవను చూసింది, ఆ వివరం తర్వాతి గుంపుకు అందింది, పడవ దొరికింది. అంతే. ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. చూశారు, నిజమే. అందింది, నిజమే. ఎట్లా అందిందో, ఎన్ని రోజులకు అందిందో రాసినాయనకు తెలియదు. పుస్తకం వెనక నాలుగు పేజీల నిండా పేర్లున్నాయి, అందరివీ. ఏడో మంచం ఎవరో వేలు పెట్టి చూపించలేను, ఎందుకంటే మేమెప్పుడూ పేరు అడగలేదు. రషీద్ పేరు ఎట్లాగూ లేదు.

ఆ దీవి తర్వాత నేను మస్కట్ చేరి, అక్కడ ఖురం అనే పేటలో ఒక హోటల్ లాండ్రీలో ఇరవై ఏళ్ళు డ్యూటీ చేశాను. సూపర్‌వైజర్‌నయ్యాను. అక్కడ ప్రతి బట్టకూ ఒక చీటీ, చీటీకి గీతల గుర్తు, మిషన్ చూస్తే చాలు ఎవరిది, ఏ గది, ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతాడు, అన్నీ చెప్పేస్తుంది. జేబులో దొరికినవి ప్లాస్టిక్ సంచిలో వేసి సీలు వేస్తాం. ఒక్క కాగితం అటుది ఇటు పోదు. బాగానే ఉంది, ఎందుకు బాగాలేదంటాను? కానీ ఆ ఇరవై ఏళ్ళలో ఏ బట్టల తాలూకు మనిషి కోసమూ నేను ఇస్త్రీపెట్టె వదిలేసి పరుగెత్తలేదు. అప్పుడు తప్పు చేసినవాళ్ళమే ఆ తప్పు మోసేవాళ్ళం కూడా. ఇప్పుడు తప్పులూ లేవు, మోసేవాళ్ళూ లేరు. ఏది మేలో నాకు తేలడం లేదు.

ఇక ఎన్నడూ ఎవరికీ చెప్పనిది ఒకటుంది, అది కూడా రాసేస్తే నా పని అయిపోతుంది. ఆ కాగితం మీద అంకెలూ బొమ్మే కాదు, ఒక ఇంగ్లీషు మాట కూడా ఉంది. మామ దాని మీద వేలు పెట్టి, "గీడ ఏం రాసుందిరా రాజం?" అని అడిగాడు. నాకు ఆ మాట తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ వేసింది. పెట్టె అడుగున డిక్షనరీ ఉంది, లేచి తీయడానికి బద్ధకం వేసింది, ఇస్త్రీ ఇంకా బోలెడుంది. "ఏం లేదు మామా, అంకెల పేరే" అన్నాను. అప్పుడే మామ, ఏడో మంచపాయనకే ఇద్దాం అన్నది. ఉట్టి అంకెలని నేను చెబితేనే అన్నాడు. నాలుగో రోజు, విమానం లేచిపోయాక, డిక్షనరీ తీసి చూశాను. చేతులు ఊపుతున్నారు అని అర్థం.

ఖమీస్ ఆసుపత్రి నుంచి వచ్చాక తల్లీకొడుకులు మా దగ్గరికి వచ్చారు. మీరిచ్చిన కాగితం వల్లే పడవ దొరికిందట కదా అని మాకు దణ్ణం పెట్టడానికి వచ్చారు. చేతిలో చాపచుట్ట, రెండు చేపలు. మామ ముఖం పాలిపోయింది. గుమ్మంలోనే కూలబడి, "రాజం, చెప్పు ఆమెకు. కాయితం నాల్రోజులు మా డబ్బలనే ఉండెనని చెప్పు. నువ్వు ఆ పొద్దే ఇద్దామంటివి, నేనే అడ్డం పడ్డనని చెప్పు. తప్పు నాదే, నా చేతులు ఇరగ" అని తల బాదుకున్నాడు. నేను అరబ్బీలోకి మార్చి చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. రాజం ఆ రోజే ఇద్దామన్నాడు, మామే వద్దన్నాడు అన్న ముక్క మరీ స్పష్టంగా చెప్పాను. నా మాట ఒకటి కలపాల్సి ఉండె. కలపలేదు.

ఆమె వంగి మామ చూపించిన బిస్కెట్ల డబ్బా ఏడో గడిలోకి చూసింది, ఖాళీగా ఉంది. లేచి కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. క్షమించిందో, శపించిందో, మాకేం అర్థం కాలేదు. ఆ మధ్యాహ్నం నుంచే మామ జీడిగింజలు పక్కన పడేసి, ఒక్కో మంచం దగ్గరికి నన్ను తీసుకుపోయి, "పేరడుగు, రాసి పెట్టు, నేను నేర్చుకుంట" అన్నాడు. యాభై దాటిన మనిషి, ఒక్కో అక్షరం నా చేత దిద్దించుకున్నాడు.

మర్నాడు పొద్దున గుమ్మంలో మళ్ళీ చాపచుట్ట ఉంది. ఎప్పటిలాగే రెండు చేపలు, ఎప్పటిలాగే శుభ్రం చేసి ఉన్నాయి. మామ దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. "దీన్ని ఏమనుకోవాలెరా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. ఆయనే పులుసు పెట్టాడు, అన్నం వార్చాడు, ఒక్కటే కంచం పెట్టాడు. తాను పచ్చడి కలుపుకున్నాడు. ఆ దీవి వదిలేదాకా ఆయన చేప ముట్టలేదు.

"నేను తినరాదు బిడ్డా. నువ్వు తిను. నీ తప్పేం లేదు" అన్నాడు.

నేను తిన్నాను.